తెగిన కనుబొమ

మా ఇంటికి వచ్చే పేపరులో జిల్లా పేజీ అడుగున, పోయిన పట్టాదారు పాసుపుస్తకం ప్రకటన పక్కన, నాలుగు వరుసల వార్త ఒకటి పడింది. రైల్వేస్టేషను వెనక గోడవారగా గుర్తు తెలియని వ్యక్తి చనిపోయి ఉన్నాడు. వయసు అరవై, అరవై అయిదు. చామనఛాయ. గళ్ల లుంగీ, పొట్టి చేతుల చొక్కా. గుర్తులు అన్నచోట, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నల్లగా ఉన్నాయని రాశారు. సంబంధీకులు ఎవరైనా ఉంటే పోలీసు స్టేషనులో కలవాలట.

వేళ్లు నల్లగా ఉండేవాళ్లు ఊళ్లో వందమంది ఉంటారు. మెకానిక్కులు ఉన్నారు, టైర్లు మార్చేవాళ్లు ఉన్నారు. కానీ రెండే రెండు వేళ్లు, అవీ కుడిచేతివి మాత్రమే, చచ్చాక కూడా వదలనంత నలుపు పట్టిన మనిషిని ఈ తిరుపతిలో నేను ఒక్కణ్ణే ఎరుగుదును. కాఫీ గ్లాసు కింద పెట్టి చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ ఎక్కడికని అడిగితే పోలీసు స్టేషనుకన్నాను. ఆమె చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. నా ముఖం అట్లా ఉండి ఉంటుంది.

నేను మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరయ్యాను. బడిలో డ్రాయింగు అయ్యవారంటే ఆటలో అరటిపండు. లెక్కల అయ్యవారు సెలవు పెడితే ఆ పిరియడులో పిల్లలు అల్లరి చేయకుండా కూర్చోబెట్టే మనిషి. ఆ చిన్నతనమంతా నేను పిల్లల బొమ్మలు దిద్దడంలో తీర్చుకునేవాణ్ణి. జేబులో ఎప్పుడూ మెత్తని పెన్సిలు ఒకటి ఉండేది. వంకర ముక్కు కనపడితే నా చెయ్యి ఊరుకునేది కాదు. పెళ్లి పత్రికల మీద అచ్చేసిన వినాయకుడి తొండం కూడా దిద్దిన ఘనుణ్ణి. ఈ జబ్బు సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఆయన గురించి చెప్పాలంటే దీన్ని దాటుకుని పోవడానికి లేదు.

ఆయన పేరు నాకు తెలియదు. అందరూ బొగ్గాయన అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. పదిహేనేళ్ల పరిచయంలో పేరేమిటని అడగాలని తోచలేదంటే మీరు నమ్మరు, నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మొదటిసారి చూసింది మా బడి ప్రహరీగోడ దగ్గర. రేణిగుంట రోడ్డు వైపు పొడుగాటి గోడ అది. దాని పక్కనే మునెమ్మ టీ బంకు, బంకు ముందు బస్సులు ఆగే చోటు. ఒకరోజు మధ్యాహ్నం ఇంటర్వెల్లుకి బయటికి వస్తే, సున్నం కొట్టిన గోడమీద నిలువెత్తు మనిషి అంత పెద్ద ముఖం ఒకటి ఉంది. ఆడమనిషి ముఖం. తల నున్నగా గుండు. కళ్లు తిన్నగా ఎదుటివాణ్ణి చూస్తున్నాయి. చేతిలో ఉన్న టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. నేను చదువుకున్న డ్రాయింగు అంతా పక్కన పెట్టి చెబుతున్నాను, అట్లాంటి గీత నాకు ఈ జన్మకు రాదు. చెంప మీద ఒక్క గీత. అంతే, ఆ గీత లోపల ఎముక ఉన్నట్టు, ఎముక మీద చర్మం ఉన్నట్టు, ఆ చర్మానికి ఎండ తగిలినట్టు కనపడింది. అసూయపడ్డాను. సంతోషపడ్డాను కూడా. రెండూ ఒకేసారి కలిగినప్పుడు మనిషి ఏం చేస్తాడు, ఇంకో టీ చెప్పాను.

గోడ చివర ఆయన కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, భుజం మీద తువ్వాలుతో. పక్కన గుడ్డమూటలో బొగ్గుపుల్లలు. చింతకొమ్మల్ని ఆయనే కాల్చి చేసుకునేవాడు. కాళహస్తిలో కలంకారీ పనివాళ్లు గుడ్డమీద మొదటి గీత గీసేది ఇట్లాంటి చింతబొగ్గుతోనే. మీదీ ఆ పనేనా అని అడిగితే, కాదని చెయ్యి ఊపాడు. దేవతల ముఖాలు గీసేది వేరేవాళ్లట. తను స్వర్ణముఖి ఏట్లో రంగుగుడ్డలు ఉతికి ఇసకలో ఆరేసేవాడట. తిరుపతికి వచ్చాక లాడ్జీల దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరాడు. పొద్దున ఉతుకు, మధ్యాహ్నం నుంచి గోడ.

ఆయన దగ్గర కొన్ని వింతలుండేవి. ఎవరినీ నోరెత్తి పిలిచేవాడు కాదు. మునెమ్మ అటు తిరిగి గ్లాసులు కడుగుతుంటే, చుట్టూ తిరిగి వచ్చి ఆమె ఎదుట నిలబడి, చేత్తో టీ అని సైగ చేసేవాడు. వెనక నుంచి ఎవరి దృష్టినైనా తిప్పుకోవాలంటే కాలితో నేలను రెండుసార్లు తట్టేవాడు. నోరుండగా ఈ తిప్పలేమిటయ్యా అని మునెమ్మ ఎగతాళి చేసేది. గోడమీద బొగ్గు పెట్టేముందు అరచేతిని గోడకు ఆనించి కాసేపు ఉంచేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు.

ఇంకొకటి, ఆయనకు వచ్చింది ఒకే ముఖం. కల్యాణమండపం ఓనరొకాయన వచ్చి గోడంతా దశావతారాలు గీయమంటే, తనకు రాదన్నాడు. ఓనరు అది గీర అనుకుని తిట్టి పోయాడు. నేనూ గీర అనే అనుకున్నాను. "నాకొచ్చేది ఒగ మొగమే అయ్యోరా" అని నాతో అన్నప్పుడు, ఆహా, ఏకాగ్రత అంటే ఇదీ అని మురిసిపోయాను. మరుసటి రోజు తొమ్మిదో తరగతి పిల్లలకు పిరియడంతా దాని మీదే పాఠం చెప్పాను.

ఎక్కడ పడితే అక్కడ కూడా గీసేవాడు కాదు. బస్సులు ఆగే చోట, క్యూలు కట్టే చోట, టీ బంకులున్న చోట మాత్రమే. తిరుచానూరు రోడ్డులో ఒకటి, అలిపిరికి పోయే దారిలో ఒకటి, స్టేషను ఎదుట ఒకటి. మా ఇంటి ముందు గోడకు కొత్తగా సున్నం కొట్టించి, వచ్చి గీయమని పిలిచాను. వచ్చాడు. సందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. "ఈడ ఎవురు సూస్తారు అయ్యోరా?" అని వెళ్లిపోయాడు. పేరు కోసం పాకులాడే గుణం కొంచెం ఉందనుకున్నాను. కళాకారుడికి ఆ మాత్రం ఉండాలిలే అని క్షమించాను కూడా. నా పెద్దమనసు అట్లాంటిది.

ఇక ఆ ముఖం సంగతి. వానకో, మునిసిపాలిటీ సున్నానికో పోయిన ప్రతిసారీ మళ్లీ గీసేవాడు. కొన్నాళ్లకు గమనించాను, గుండు మీద వెంట్రుకలు వస్తున్నాయి. మొదట నూగు. తర్వాత వేలెడు. మరుసటి ఏడు మెడదాకా. నాలుగో ఏటికి కొప్పు పడింది. ఆ తర్వాత పాపిట దగ్గర బొగ్గు పెట్టకుండా సున్నాన్ని అట్లాగే వదిలేయడం మొదలుపెట్టాడు, అవి తెల్లవెంట్రుకలు. ఒక ఏడు కింది పెదవి కొంచెం లోపలికి పోయింది. ఏమిటిది అంటే, పన్ను ఒకటి పోయి ఉంటుందన్నాడు. ఊరంతా దేవుడికి గుండు కొట్టించుకునే చోట ఒక గుండును పెంచుతూ పోవడమంటే కాలాన్ని గీయడమే అని నేను వ్యాఖ్యానం అల్లాను. స్టాఫ్‌రూములో నాలుగుసార్లు చెప్పాను. సైన్సు మేడమ్ ఒక్కతే అడిగింది, ఇంతకీ ఆమె ఎవరండీ అని. బొమ్మను ఎవరని అడగకూడదమ్మా, ఎట్లా ఉందని అడగాలి అన్నాను.

ఆ మాట తలచుకుంటే ఇప్పుడు నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆయనకు చెడ్డపేరు కూడా ఉండేది. బస్సు దిగే ఆడవాళ్ల ముఖాల్లోకి చూస్తాడని. గుండుతో ఎవరైనా పెద్దావిడ నడిచి పోతుంటే వెనక కొంచెం దూరం వెళ్లి, గబగబా చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి ముఖం చూసి, తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. నా కళ్లముందే ఒకాయన చెంప పగలగొట్టాడు.  ఈయన చెంప తడుముకుంటే ముఖం మీద బొగ్గు అంటింది. నేను మధ్యలో పడి, ఆర్టిస్టండీ, ముఖాలు గమనిస్తుంటాడు, చెడ్డవాడు కాదని సర్ది చెప్పి పంపాను. గొప్పగా కాపాడానని అనుకున్నాను.

నవ్వగా చూసింది ఒక్కసారే. బొగ్గు చెరిగిపోకుండా గంజి కొడితే నిలుస్తుందని నేను సలహా ఇచ్చాను. ఇంటి నుంచి పలచని గంజి తెచ్చి, దోమలమందు కొట్టే పంపుతో నేనే ముఖమంతా చిలకరించాను. మరుసటి ఉదయం వచ్చేసరికి గడ్డం నుంచి ముక్కుదాకా లేదు. సినిమా పోస్టర్ల వెనక మైదాపిండికి అలవాటు పడిన ఆవు ఒకటి గోడను తృప్తిగా నాకుతోంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం గోడకు ఆనుకుని, శబ్దం లేకుండా, భుజాలు కదిలేట్టు నవ్వాడు. "పోనీలే అయ్యోరా, దానికన్నా పనికొచ్చింది" అన్నాడు.

ఆ ముఖంలో ఒక్కటే నాకు నచ్చేది కాదు. ఎడమ కనుబొమ. బొమ మొదట్నుంచీ చక్కగా గీసుకుంటూ వచ్చి, మధ్యలో చిటికెనవేలి మందాన వదిలేసి, మళ్లీ అందుకునేవాడు. అన్ని గోడల మీదా అంతే. అంత చక్కని ముఖంలో అదొక్కటి పంటికింద రాయిలా తగిలేది. ఒకసారి ఉండబట్టలేక, ఆ బొమ కలిపెయ్యరాదా, చెయ్యి జారినట్టుంది అన్నాను. ఆయన గోడవైపే చూస్తూ, అది అంతే అయ్యోరా అన్నాడు. జవాబు అంతే. గురువు లేని విద్య, మొదట్లో పడిన తప్పు చేతికి అలవాటైపోయిందని నిర్ణయించుకున్నాను.

నేను రిటైరైన ఏడాదికి, కార్తీకంలో తుఫాను పట్టింది. పది రోజులు ఎడతెరపి లేదు. ఆ వానల్లో తడిసి ఆయనకు జ్వరం తగిలి పెద్దాసుపత్రిలో పడ్డాడని మునెమ్మ చెప్పింది. వెళ్లి చూశాను. వార్డులో మంచం లేక వరండాలో చాప మీద ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కూర్చుని, గోడలు ఎట్లా ఉన్నాయని అడిగాడు. ఉన్నాయి, కొంచెం చెరిగాయన్నాను. ముఖం తెలుస్తా ఉండాదా అన్నాడు. నువ్వు వచ్చేదాకా నేను చూసుకుంటానులే అన్నాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చూసుకున్నాను. పనీపాటా లేని రిటైర్డు మనిషిని. చింతబొగ్గు కాల్చుకుని, చిన్న నిచ్చెన స్కూటరుకు కట్టుకుని, గోడ గోడా తిరిగాను. చెరిగినచోట ఆయన గీత వెంటే నా గీత పోనిచ్చాను. ఇరవై రోజులు నా అంత సుఖపడ్డవాడు లేడు. ఒక గొప్ప చేతి కింద నా చెయ్యి నడుస్తోంది అనుకునేవాణ్ణి. ఆ ఉత్సాహంలోనే ఎడమ కనుబొమ కలిపేశాను. ఒకచోట కలిపితే ఎంత బాగుందో. అన్నిచోట్లా కలిపాను. కలిపి, దూరంగా నిలబడి, ఫోనుతో ఫొటోలు తీసుకున్నాను. అంతకుముందు ఎన్నడూ ఫొటో తీయలేదు. తప్పున్న బొమ్మను దాచుకోవడం నాకు ఇష్టం ఉండేది కాదు.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను బంకు దగ్గరే ఉన్నాను. పెళ్లివారికి ఎదురెళ్లినట్టు వెళ్లాను. ఆయన బాగా చిక్కిపోయాడు. బెంచీ మీద కూలబడ్డాడు. మునెమ్మ టీ ఇస్తూ, నీ బొమ్మను చూసి వారం కింద ఒకామె ఏమందో తెలుసునా అని మాటల్లో పెట్టింది. కొండ దిగి బస్సు కోసం ఆగిన ఆమె. గోడకేసి చానాసేపు చూసిందట.

"'అచ్చం ఇట్లాంటి మనిషే మా పక్క ఉండాది, గుడి ముందర పూలు కడతా ఉంటాది, మాటలు రావు ఆమెకి. అయితే ఆమెకి కనుబొమ తెగి ఉంటాది. ఈమెకి బాగుండాది గదా, ఈమె కాదులే' అనింది. టీ తాగి బస్సెక్కి ఎళ్లిపాయ."

ఆయన చేతిలో గ్లాసు అట్లాగే ఉంది. మెల్లగా తల తిప్పి గోడను చూశాడు. లేచాడు. దగ్గరికి వెళ్లి, నేను కలిపిన చోట వేలు పెట్టాడు. నల్లటి వేలు నల్లటి గీత మీద. నాకు అప్పటికీ ఏమీ అర్థం కాలేదు. బాగుంది కదా అని అడిగాను కూడా.

ఏ ఊరామె అని మునెమ్మను అడిగాడు. ఆమెకు తెలియదు. అరవం కలిపి మాట్లాడింది, ముక్కుకు రెండు పక్కలా పుడకలున్నాయి, అంతే. తిరుత్తణో, వేలూరో, పళ్లిపట్టో. ఏ బస్సు ఎక్కింది? జనంలో చూడలేదు. ఆయన అన్ని మాటలు మాట్లాడగా మేమిద్దరం వినడం అదే మొదలు. ఆమె ఎవరన్నా, నీకేం కావాలి అని మునెమ్మ అడిగింది. పన్నెండేళ్లలో నేను అడగాల్సిన ప్రశ్న.

"నా పెండ్లాము" అన్నాడు. "పుట్టు సెవుడు. మాట రాదు. ఇద్దురమూ కొండమీద గుండు కొట్టిచ్చుకుంటామని మొక్కుకున్నాము. ఆడోళ్లు ఒగ పక్క, మొగోళ్లు ఒగ పక్క పోయినాము. నేను బయటికొచ్చి సూస్తే అందురివీ గుండ్లే, అందురికీ గందమే. ఎనక నుంచి ఎవురని సూసేది? పిలిస్తే తిరిగేదానికి ఆమెకి ఇనపడదు. మైకులో సెప్పినారు. ఎవురికి సెప్పినట్టు? నేను గూడా గుండే అయ్యోరా. ఆమె నన్ను సూసినా గుర్తు పట్టిందో లేదో."

ఆధార్ కార్డులు మా వైపు ఇంకా రాని రోజులు. రేషను కార్డులో ఉన్న ఫొటోలో తెల్లటి మచ్చ తప్ప ముఖం లేదు. మొదట్లో నోటితో అడిగాడట. నోటితో అడిగితే పిచ్చోడని తరిమారు. గోడ అడిగితే నిలబడి చూస్తారని గోడల మీదికి వచ్చాడు. బొమ్మలు గీసే అలవాటు అంతకుముందు లేదు. గుడ్డలు ఉతికేటప్పుడు చూసిన చూపే చదువు. ఏడాదికేడాది ఆమె ఎట్లా మారి ఉంటుందో ఆలోచించి గీసేవాడు, ఈరోజు ఆమె ఎదురుపడినవాళ్లు గుర్తుపట్టాలని. మారనిది కనుబొమ ఒక్కటే. పెళ్లయిన కొత్తలో ఆయన కట్టెలు చీలుస్తుంటే చెక్కపేడు ఎగిరి ఆమె బొమకు తగిలింది. వెనక్కి జరగమని ఆయన అరిచాడు. ఆమెకు వినపడదు కదా. అప్పటి నుంచి ఆయన ఎవరినీ వెనక నుంచి పిలవలేదు.

నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. తప్పయిందని అన్నానో, అనలేదో. బెంచీ మీద కూర్చున్నానని మాత్రం తెలుసు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆయన గోడమీది బొమను చూస్తూనే ఉన్నాడు.

"మీరు దిద్దింది బాగుండాది అయ్యోరా" అన్నాడు. "పెండ్లినాడు ఇట్లనే ఉణ్ణింది."

ఆ తర్వాత తువ్వాలు కొసను తడిపి బొమ మధ్యలో తుడిచాడు. పాత సందు తేలింది. మిగతా గోడల దగ్గరికి నేను స్కూటరు మీద తీసుకుపోతానంటే వద్దని, నడుచుకుంటూ వెళ్లాడు. మరుసటి పొద్దున అరవదేశం బస్సెక్కాడు.

మూడు నెలలకు తిరిగొచ్చాడు. దొరికిందా అని నేను అడగకముందే ఆయనే అరచెయ్యి బోర్లించి చూపించాడు. గుడి ముందర పూలు కట్టేవాళ్లు ఆ పక్క ఎన్ని వేలమందో. ఆ వచ్చినామె చూసింది ఈయన భార్యనే అని కూడా చెప్పలేం. కాకపోవచ్చు. అయినా కావచ్చు. ఆ రెండో మాట మీదే నేను ఈ మూడేళ్లు నిద్రపోయి లేచాను.

ఆయన తిరిగొచ్చేసరికి ఊరిని అందంగా చేసే పని మొదలైంది. గోడలన్నిటికీ రంగులు. మా బడి గోడమీద నెమళ్లు, శంఖచక్రాలు, తడిచెత్త పొడిచెత్త బొమ్మలు. ఎక్కడా అరచెయ్యి పెట్టేంత తెలుపు మిగల్లేదు. నేను కౌన్సిలరు చుట్టూ తిరిగి, బంకు పక్కన పదడుగుల గోడకు మళ్లీ సున్నం కొట్టించాను. ఇంక గీయమని ఆయన్ను పిలుచుకొచ్చాను. ఆయన అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు ఉంచాడు. బొగ్గు తీయలేదు.

"ఇంగ రావడంల్యా అయ్యోరా" అన్నాడు. "కండ్లు మూసుకుంటే ఆ పెండ్లినాటి మొగమే వస్తా ఉండాది."

ఆ తర్వాత ఆయన గీయగా నేను చూడలేదు. స్టేషను దగ్గర, బస్సుల దగ్గర కూర్చునేవాడు. చేతిలో బొగ్గుపుల్ల ఉండేది. గీయడానికి కాదు, ఊరికే రెండు వేళ్ల మధ్య నలుపుకుంటూ. వేళ్లు నల్లగా ఉండటం అందుకే. నేను ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. ఆ నమస్కారాన్ని తప్పించుకోవడానికి నేను వేరే వీధుల్లో తిరిగేవాణ్ణి.

పోలీసు స్టేషనులో కుర్ర కానిస్టేబులు ఒకతను మర్యాదగా కూర్చోబెట్టి, ఫోనులో ఫొటో చూపించాడు. ఆయనే. అన్ని వందల ముఖాలు గీసిన మనిషి ముఖానికి ఉన్న బొమ్మ అదొక్కటే. పేరేమిటని అడిగాడు. తెలియదన్నాను. ఊరు? కాళహస్తి వైపు. ఏ ఊరు? తెలియదు. మీకు ఏమవుతాడు సార్ అన్నాడు.  తెలిసినాయన అని మాత్రం చెప్పాను.

రక్తసంబంధీకులు ఉన్నారా అని అడిగినప్పుడు మాత్రం గట్టిగా చెప్పాను, భార్య ఉంది, మూగామె, తమిళనాడు వైపు ఉండొచ్చు అని. అతను తల ఎత్తి చూశాడు. "ఆమె ఫొటో ఉందా సార్? రేపు సాయంత్రందాకా బాడీ ఉంచుతారు. ఆ పక్క స్టేషన్ల గ్రూపుల్లో పెట్టిద్దాం" అన్నాడు. ఫోను తీశాను. పదకొండు ఫొటోలున్నాయి. పదకొండింటిలోనూ కనుబొమ కలిసే ఉంది. నున్నగా, చక్కగా, తప్పులేకుండా. ఫొటో లేదు, నేను గీసి తెస్తాను, డ్రాయింగు మాస్టర్ని అన్నాను. అతను సంతోషించాడు. ఆయన దగ్గర దొరికిన గుడ్డమూట బల్లమీద ఉంది. అందులోంచి ఒక బొగ్గుపుల్ల అడిగితే, అటూఇటూ చూసి ఇచ్చాడు.

కాగితాలు కొనుక్కుని మునెమ్మ బంకు దగ్గర కూర్చున్నాను. ఇంట్లో కూర్చుంటే రాదనిపించింది. ఆయన చచ్చిపోయిన సంగతి చెబితే మునెమ్మ పొయ్యి ఆపి కాసేపు నిలబడింది, మళ్లీ వెలిగించింది. బస్సులు వస్తూనే ఉన్నాయి కదా. నేను గీశాను. మొదటిదాంట్లో బొమ దానంతట అదే కలిసిపోయింది. చించేశాను. రెండోదాంట్లో గుర్తుపెట్టుకుని సందు వదిలాను. అది దెబ్బలా లేదు, అచ్చు సరిగ్గా పడనట్టుంది. చెంప మీద ఆయన గీసే గీత కోసం చూశాను. నాకు వచ్చేది నాకు తెలిసిన చెంపే, పిల్లలకు పరీక్షల కోసం నేర్పించిన చెంప. ఆమెకు ఇప్పుడు ఎంత వయసుండాలి, ఏ పన్ను పోయి ఉండాలి, తెల్లవెంట్రుకలు ఎక్కడిదాకా వచ్చి ఉండాలి, ఇవన్నీ ఆయనకు తెలుసు. పన్నెండేళ్లు నేను చూసింది గీతను. మనిషిని చూడలేదు.

ఎనిమిది కాగితాలు అయ్యాయి. మరునాడు మళ్లీ వచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నానికి, ఇదే ఆమె అని నన్ను నేను ఒప్పించుకున్న బొమ్మ ఒకటి తయారైంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద టీ గ్లాసు పెట్టి, స్టేషనుకు పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. మునెమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ వచ్చి కాగితం మీది గ్లాసు తీసింది. ఆ ముఖం పక్కనే పన్నెండేళ్లు టీ కాచిన మనిషి ఆమె. చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, కాగితం కొస పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"బాగా గీసినావు సామీ" అనింది. "ఎవురు ఈమె?"

ఆమె నిజంగానే అడిగింది.